యాక్టివ్ బేస్ గిటార్‌లో శబ్దం పగులుతుంటే లోపం ఏ దశలో ఉందో ఎలా కనిపెట్టాలి

మీరు చెప్పిన లక్షణాలను ముందుగా ఒకచోట చేర్చుకుంటాను. మీది మూడు టోన్ నాబ్‌లు ఉండి, ఒకే 9 వోల్టుల బ్యాటరీతో పనిచేసే నాలుగు తీగల యాక్టివ్ బేస్ గిటార్, అంటే సిగ్నల్‌ను పెంచి టోన్ మార్చే ప్రీయాంప్ అనే చిన్న సర్క్యూట్ గిటార్ లోపలే ఉన్నది. అన్నింటికన్నా మందమైన తీగను గట్టిగా మీటినప్పుడు శబ్దం పగిలి బొంగురుగా వస్తోంది, మెల్లగా వాయిస్తే శుభ్రంగా ఉంటోంది. బ్యాటరీ మార్చాక కొంత తగ్గింది గాని పూర్తిగా పోలేదు. యాంప్లిఫైయర్ మాస్టర్ వాల్యూమ్ బాగా తగ్గించినా పగులు అలాగే వినిపిస్తోంది. ప్రీయాంప్ పాడైందనీ, కొత్తది కొని బిగించుకోవాలనీ మీకు ఎవరో సలహా ఇచ్చారు. ఆ నిర్ణయానికి రావడానికి ఇప్పుడున్న ఆధారాలు చాలవు. పైగా మీరు చెప్పిన లక్షణాలు పాడైన ప్రీయాంప్ కన్నా, మోయగలిగిన దానికి మించి బరువు పడుతున్న మంచి ప్రీయాంప్‌నే ఎక్కువగా సూచిస్తున్నాయి.

ఎందుకు అలా అంటున్నానో వివరిస్తాను. మాస్టర్ వాల్యూమ్ తగ్గించినా పగులు తగ్గలేదంటే, ఆ నాబ్ తర్వాత ఉండే పవర్ విభాగమూ, స్పీకరూ ఈ లోపానికి కారణం కావు. ఎందుకంటే వాటికి అందే సిగ్నల్‌ను మీరు ఇప్పటికే తగ్గించి చూశారు. మెల్లగా వాయించినప్పుడు శబ్దం శుభ్రంగా ఉందంటే సర్క్యూట్ ప్రాథమికంగా సరిగానే పనిచేస్తోంది. చిన్న సిగ్నల్‌ను సరిగా దాటించి, పెద్ద సిగ్నల్ దగ్గర మాత్రమే తడబడే సర్క్యూట్‌లో సాధారణంగా చాలనిది హెడ్‌రూమ్, అంటే సిగ్నల్ పైకీ కిందికీ కదలడానికి ఉన్న వోల్టేజీ చోటు. బ్యాటరీ మార్చడం వల్ల కొంత మేలు కనిపించడం కూడా ఇదే మాటను బలపరుస్తోంది. కాబట్టి ఇక తేల్చవలసింది ఒక్కటే: పికప్ (తీగ కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగం), ప్రీయాంప్, కేబుల్, యాంప్ ఇన్‌పుట్ అనే ఈ వరుసలో ఆ చోటు ఎక్కడ అయిపోతోంది?

ఒకే బ్యాటరీతో నడిచే ప్రీయాంప్‌లో సిగ్నల్‌ను సరఫరా వోల్టేజీలో సగం దగ్గర, అంటే సుమారు 4.5 వోల్టుల దగ్గర నిలబెడతారు. అక్కడి నుంచి అది పైకీ కిందికీ ఊగుతుంది. అయితే ఇటువంటి ప్రీయాంప్‌లలో ఎక్కువగా వాడే తక్కువ కరెంటు ఆప్‌యాంప్ (సిగ్నల్‌ను పెంచే) చిప్‌లు సరఫరా అంచుల దాకా వెళ్లలేవు, రెండు వైపులా ఒకటి నుంచి ఒకటిన్నర వోల్టు దాకా వదిలేస్తాయి. అందువల్ల కొత్త బ్యాటరీతో కూడా ఒక్కో వైపు మిగిలేది దాదాపు 3 వోల్టులే. బ్యాటరీ 7 వోల్టులకు దిగితే అది 2 వోల్టులకు పడిపోతుంది. ఇప్పుడు పికప్ వైపు నుంచి చూడండి. గట్టిగా మీటినప్పుడు బలమైన పికప్ నుంచి వచ్చే తొలి శిఖరం ముప్పావు వోల్టు ఉందనుకుందాం. బేస్ నాబ్‌ను 12 డెసిబెల్‌లు పెంచితే ఆ శిఖరం నాలుగింతలై 3 వోల్టులు అవుతుంది, అంటే కొత్త బ్యాటరీ ఉన్నా అంచుకు తగిలినట్టే. 18 డెసిబెల్‌లు పెంచగలిగే ప్రీయాంప్‌లు కూడా ఉన్నాయి, అది ఎనిమిదింతలు. మందమైన తీగ మూల స్వరం 41 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, బేస్ నాబ్ అత్యధికంగా పెంచేది సరిగ్గా ఆ ప్రాంతాన్నే. సన్నని తీగల మీద శుభ్రంగా ఉండి మందమైన తీగ మీదే శబ్దం పగలడానికి ఇంతకన్నా వేరే కారణం అక్కరలేదు.

అందుచేత మొదటి పరీక్షకు స్క్రూ డ్రైవర్ అవసరం లేదు. మూడు టోన్ నాబ్‌లనూ మధ్యలో టిక్కుమని ఆగే చోట పెట్టి, అదే తీగను అంతే గట్టిగా మీటండి. గిటార్‌కూ యాంప్‌కూ మధ్య ఉన్న పెడల్స్, వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్ వంటివన్నీ తీసివేసి, ఒకే కేబుల్‌తో నేరుగా కలిపి ఈ పరీక్ష చేయండి. 9 వోల్టులతో నడిచే పెడల్స్‌కూ ఇదే పరిమితి ఉంటుంది కనుక అవి గొలుసులో ఉన్నంతసేపూ ఫలితాన్ని నమ్మలేము. నాబ్‌లు మధ్యలో పెట్టగానే పగులు మాయమైతే మీ ప్రీయాంప్‌లో లోపం లేదు, అది భరించగలిగిన దానికన్నా ఎక్కువ మీరు అడుగుతున్నారు. లోతైన శబ్దం కావాలంటే గిటార్ మీద బేస్ పెంచడానికి బదులు మిడ్, ట్రెబుల్ కాస్త తగ్గించి, తగ్గిన మోతాదును యాంప్ దగ్గర పూడ్చుకోవడం మంచి పద్ధతి. యాంప్‌కు గోడ నుంచి విద్యుత్తు అందుతుంది, దానికి ఉన్న చోటు గిటార్‌లోని చిన్న బ్యాటరీకి ఉండదు. గిటార్ మీదా యాంప్ మీదా రెండు చోట్లా బేస్ పెంచి వాయించడం చాలామందిలో నేను చూసే అలవాటు, పగిలే శబ్దానికి అన్నింటికన్నా తరచుగా కనిపించే మూలం కూడా అదే.

నాబ్‌లు మధ్యలో ఉన్నా పగులు వినిపిస్తే, ప్రీయాంప్ నుంచి వస్తున్నదా, యాంప్ ఇన్‌పుట్ నుంచి వస్తున్నదా అనేది విడదీయాలి. యాక్టివ్ గిటార్ ఇచ్చే సిగ్నల్ సాధారణ గిటార్ కన్నా పెద్దది కావచ్చు కనుక, చాలా బేస్ యాంప్‌లకు యాక్టివ్ అని రాసిన వేరే ఇన్‌పుట్ గాని, ప్యాడ్ స్విచ్ గాని ఉంటుంది. అది సిగ్నల్‌ను సాధారణంగా 10 నుంచి 15 డెసిబెల్‌లు తగ్గించి లోపలికి పంపుతుంది. దాన్ని వాడినప్పుడు శబ్దం శుభ్రపడితే సిగ్నల్ క్లిప్ అవుతున్నది, అంటే చోటు చాలక దాని శిఖరాలు తెగిపోతున్నది, యాంప్ మొదటి దశలోనే. ఇక్కడ గెయిన్ నాబ్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. కొన్ని యాంప్‌లలో ఆ నాబ్ మొదటి దశ తర్వాత ఉంటుంది, అప్పుడు దాన్ని ఎంత తగ్గించినా అంతకు ముందే పగిలిన సిగ్నల్ బాగుపడదు. ప్యాడ్ వేసినా పగులు ఏమాత్రం మారకపోతే లోపం గిటార్ లోపలే ఉంది.

గిటార్ మీది వాల్యూమ్ నాబ్ కూడా ఉపయోగపడే సాధనమే గాని, అది సర్క్యూట్‌లో ఎక్కడ ఉందో తెలిసి ఉండాలి. కొన్ని గిటార్లలో అది పికప్‌కూ ప్రీయాంప్‌కూ మధ్య ఉంటుంది, కొన్నింటిలో ప్రీయాంప్ తర్వాత ఉంటుంది. పికప్‌లు మామూలువి అయితే, ముందు ఉండే పాట్ (నాబ్ కింద ఉండే, నిరోధాన్ని మార్చే భాగం) మీద సాధారణంగా 250 కె (కిలో ఓమ్‌లు) లేదా 500 కె అనీ, తర్వాత ఉండే దాని మీద 25 కె అనీ రాసి ఉంటుంది. తర్వాత ఉన్న నాబ్‌ను తగ్గించినా పగులు పోకపోతే అది ప్రీయాంప్‌లోనో దానికి ముందో పుడుతోంది. తగ్గించగానే పోతే యాంప్ ఇన్‌పుట్‌ను అనుమానించాలి. ముందు ఉన్న నాబ్ విషయంలో మాత్రం శబ్దం శుభ్రపడటం ఏ సంగతినీ తేల్చదు, ఎందుకంటే అది ప్రీయాంప్‌కూ యాంప్‌కూ వెళ్లే సిగ్నల్‌ను ఒకేసారి తగ్గిస్తుంది.

మీ దగ్గర ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే చెవికన్నా కచ్చితమైన సాక్ష్యం దొరుకుతుంది. గట్టి దెబ్బ కూడా ఫుల్ స్కేల్‌కు (మీటర్ గరిష్ఠ స్థాయికి) 12 డెసిబెల్‌లు దిగువనే ఉండేటట్టు గెయిన్ పెట్టి, ఏ ఎఫెక్టూ లేకుండా రికార్డ్ చేసి, తరంగ రూపాన్ని పెద్దదిగా చేసి చూడండి. మీటర్ అంత కిందనే ఉన్నా తరంగ శిఖరాలు గుండ్రంగా కాకుండా నరికినట్టు కనిపిస్తే, ఆ నరుకుడు ఇంటర్‌ఫేస్ చేరేలోపే జరిగి ఉండవచ్చు. ఆ నరికిన అంచు పూర్తిగా సమతలంగా ఉండాలని ఆశించకండి. మధ్యలో ఉండే, డీసీని ఆపి సిగ్నల్‌ను మాత్రమే దాటించే కప్లింగ్ కెపాసిటర్లు తక్కువ పౌనఃపున్యాల దగ్గర ఆ సమతలాన్ని కొంచెం ఏటవాలుగా వంచుతాయి. పైభాగం, కిందిభాగం రెండూ ఒకేలా తెగితే అది హెడ్‌రూమ్ సమస్య. ఒక పక్కే ముందుగా తెగితే బయాస్, అంటే సిగ్నల్‌ను నిలబెట్టే ఆ సగం వోల్టేజీ, తప్పిందేమోనని అనుమానించాలి, దాని గురించి కింద రాస్తాను. ఒక జాగ్రత్త: కొన్ని ఇంటర్‌ఫేస్‌ల ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ గెయిన్ కనిష్ఠంలో ఉన్నా యాక్టివ్ బేస్‌ను భరించలేదు. అటువంటప్పుడు లైన్ ఇన్‌పుట్‌లో పెట్టి మళ్లీ చూడండి. యాక్టివ్ ప్రీయాంప్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ తక్కువ కనుక లైన్ ఇన్‌పుట్ దానికి ఇబ్బంది కాదు. ప్రీయాంప్ లేని పాసివ్ గిటార్‌కు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు.

ఇక బ్యాటరీ. కొత్తది వేశాను అన్నారు గాని, కొలిచాను అనలేదు. ప్యాకెట్ నుంచి అప్పుడే తీసినంత మాత్రాన బ్యాటరీ నిండుగా ఉందని చెప్పలేము, అది ఎంతకాలం నిలవ ఉందో మనకు తెలియదు. తాజా ఆల్కలైన్ బ్యాటరీ మల్టీమీటర్ మీద దాదాపు 9.5 వోల్టులు చూపాలి. దాన్ని గిటార్‌లో పెట్టి, కేబుల్ గుచ్చి, అంటే కరెంటు తీసుకుంటున్న స్థితిలో మళ్లీ కొలవాలి, ఎందుకంటే అరిగిన బ్యాటరీ విడిగా ఉన్నప్పుడు మంచి అంకెనే చూపి, లోడ్ పడగానే దిగిపోతుంది. ఆల్కలైన్ కాని చవక రకం కార్బన్ జింక్ బ్యాటరీలు త్వరగా కుంగిపోతాయి. రీచార్జబుల్ నికెల్ రకాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పైన 9 వోల్టులని రాసి ఉన్నా, ఏడు సెల్‌లవి అయితే వాటి నామమాత్రపు వోల్టేజీ 8.4, ఆరు సెల్‌లవి అయితే 7.2 మాత్రమే, కాబట్టి పూర్తిగా చార్జ్ చేసినా ఆల్కలైన్ ఇచ్చే హెడ్‌రూమ్ వాటి నుంచి రాదు. లిథియం రీచార్జబుల్ రకాల్లో కొన్ని లోపల ఒక కన్వర్టర్‌తో స్థిరంగా 9 వోల్టులు ఇస్తాయి గాని, ఆ కన్వర్టర్ సన్నని ఈల లాంటి శబ్దాన్ని చేర్చవచ్చు, చార్జ్ అయిపోయినప్పుడు ముందస్తు సూచన లేకుండా ఆగిపోవచ్చు కూడా.

బ్యాటరీ దగ్గర ఒక అంకె, ప్రీయాంప్ బోర్డుకు సరఫరా చేరే చోట మరో అంకె ఉంటే, వాటి తేడా మీకు చాలా చెబుతుంది. వ్యతిరేక ధ్రువత నుంచి రక్షణగా కొన్ని బోర్డులలో డయోడ్ ఉంటుంది, అది 0.2 నుంచి 0.7 వోల్టు దాకా తినడం సహజమే. అంతకు మించి పోతుంటే బ్యాటరీ క్లిప్ వదులైందనో, దాని స్పర్శలు తుప్పు పట్టాయనో, వైరు టంకం దగ్గర సగం తెగిందనో అర్థం. గిటార్‌ను కదిపినప్పుడు గాని, బ్యాటరీ మూతను నొక్కినప్పుడు గాని శబ్దం మారుతోందేమో గమనించండి.

అదే వరుసలో జాక్‌ను కూడా చూడాలి. యాక్టివ్ గిటార్‌లో సాధారణంగా స్టీరియో జాక్ ఉంటుంది. అందులోని రింగ్ స్పర్శకు బ్యాటరీ నెగెటివ్ వైరు కలిపి ఉంటుంది. మామూలు మోనో ప్లగ్ గుచ్చినప్పుడు దాని పొడవాటి స్లీవ్ ఆ రింగ్‌ను గ్రౌండ్‌కు కలపడం వల్ల ప్రీయాంప్ ఆన్ అవుతుంది. ఆ రింగ్ స్పర్శ సాగి వదులైతే సరఫరా వస్తూ పోతూ ఉంటుంది, శబ్దం చిటపటమని తెగుతుంది. స్టీరియో ప్లగ్ ఉన్న బ్యాలెన్స్‌డ్ కేబుల్‌ను పొరపాటున వాడితే రింగ్ గ్రౌండ్‌కు కలవకపోవచ్చు, అప్పుడు శబ్దం అసలు రాదు, లేదా బలహీనంగా, పగిలిన గొంతుతో వస్తుంది. మీ కేబుల్ ప్లగ్ మీద రెండు నల్ల గీతలు ఉంటే అది స్టీరియో, ఒకటే ఉంటే మోనో. వాయించడం అయ్యాక కేబుల్ తీసేయాలన్న నియమం కూడా ఈ అమరిక నుంచే వచ్చింది, గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. ఒక ప్రీయాంప్ 1 మిల్లీ ఆంపియర్ తీసుకుంటుందనుకుంటే, 500 మిల్లీ ఆంపియర్ గంటల ఆల్కలైన్ బ్యాటరీ లెక్క ప్రకారం 500 గంటలు రావాలి, గోడకు వేలాడదీసి కేబుల్ వదిలేస్తే అది మూడు వారాలలో అయిపోతుంది.

ఎలక్ట్రానిక్స్ జోలికి వెళ్లక ముందే ఇంకొకటి తోసిపుచ్చాలి. మీరు వింటున్నది అసలు విద్యుత్ డిస్టార్షనేనా, తీగ ఫ్రెట్‌లకు కొట్టుకునే శబ్దమా? యాంప్ ఆపేసి, గిటార్ చెక్కకు చెవి ఆనించి అదే తీగను అంతే గట్టిగా మీటండి. లోహం మీద లోహం గీసినట్టు వినిపిస్తే అది ఫ్రెట్ బజ్. యాక్టివ్ ప్రీయాంప్‌లో ట్రెబుల్ పెంచి ఉంటే ఆ బజ్ యాంప్‌లోంచి అచ్చం క్లిప్పింగ్ లాగే వస్తుంది. తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా, మెడ చెక్కలో కలిసే చోటా ఒకేసారి నొక్కి పట్టి చూస్తే, ఏడు ఎనిమిది ఫ్రెట్‌ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల సందు కనిపించాలి. అసలు సందే లేకపోతే మెడ మరీ నిటారుగానో వెనక్కి వంగో ఉంది. వాతావరణం మారినప్పుడు ఇది తనంతట తానే మారుతుంది కనుక, నిన్నటిదాకా బాగున్న గిటార్ కూడా ఇందుకు అతీతం కాదు.

పికప్ ఎత్తును కూడా ఇప్పుడే చూసేయండి. చివరి ఫ్రెట్ దగ్గర తీగను నొక్కినప్పుడు తీగకూ పికప్‌కూ మధ్య 2 నుంచి 3 మిల్లీమీటర్ల దూరం ఉండటం మంచిది. అంతకన్నా దగ్గరగా ఉంటే మూడు రకాల కష్టాలు వస్తాయి: సిగ్నల్ శిఖరాలు పెద్దవై ప్రీయాంప్‌ను ముంచుతాయి, గట్టిగా మీటినప్పుడు తీగ నేరుగా పికప్‌కు తగిలి టక్కుమంటుంది, బలమైన అయస్కాంతాలు తీగను లాగడం వల్ల మందమైన తీగ పై ఫ్రెట్‌లలో స్వరం వణికినట్టు వినిపిస్తుంది. ఈ వణుకును చాలామంది డిస్టార్షన్ అనే వర్ణిస్తారు. పికప్‌ను ఒక మిల్లీమీటరు దించి చూడటానికి ఖర్చేమీ లేదు. మందమైన తీగ వైపు మాత్రమే కాస్త దించి, తగ్గిన మోతాదును యాంప్‌లో పెంచుకోవడం మీలాంటి ఫిర్యాదులకు నేను ఎక్కువగా సూచించే మార్పు.

ఇవన్నీ అయ్యాక కూడా పగులు మిగిలితే వెనక మూత తెరవండి. మీ గిటార్‌కు యాక్టివ్, పాసివ్ మార్చే స్విచ్ ఉంటే పని తేలిక, పాసివ్‌లో శుభ్రంగా ఉండి యాక్టివ్‌లో పగిలితే ప్రీయాంప్ లేదా దాని సరఫరా అని తేలిపోతుంది. స్విచ్ లేకపోతే, పికప్ వైర్లను బోర్డు నుంచి విడదీసి, మొసలి క్లిప్పులతో విడి జాక్‌కు కలిపి, ప్రీయాంప్ లేకుండా పికప్‌ను ఒంటరిగా వినండి. వైర్లు విడదీసే ముందు ఫోటో తీసి పెట్టుకోండి. లోపలే బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్‌లకు ఈ పరీక్ష వర్తించదు, సరఫరా లేకుండా అవి పనిచేయవు.

ప్రీయాంప్ మీదే వేలు పడితే, మార్చేముందు కొలవగలిగినది కొలవండి. కొన్ని బోర్డుల మీద చిన్న గెయిన్ ట్రిమ్ పాట్ ఉంటుంది, దాన్ని ఎవరైనా పూర్తిగా పెంచి వదిలేశారేమో చూడండి. చిప్ బయటికి కనిపిస్తుంటే, మల్టీమీటర్ నల్ల తీగను గ్రౌండ్‌కు పెట్టి, ఆప్‌యాంప్ అవుట్‌పుట్ కాళ్ల దగ్గర డీసీ వోల్టేజీ చూడండి. ఎనిమిది కాళ్ల డ్యూయల్ చిప్‌లో సరఫరా 8వ కాలు, గ్రౌండ్ 4వది, అవుట్‌పుట్‌లు 1, 7. సరఫరా 9.2 ఉంటే అవుట్‌పుట్ దాదాపు 4.6 దగ్గర ఉండాలి. అది 3 దగ్గరో 7 దగ్గరో ఉంటే తరంగంలో ఒక పక్కకు చోటు లేదు, బ్యాటరీ ఎంత కొత్తదైనా ఒక పక్క ముందే తెగుతుంది. సగం వోల్టేజీని తయారుచేసే రెండు రెసిస్టర్ల మధ్య బిందువును కాకుండా అవుట్‌పుట్ కాలునే కొలవమనడానికి కారణం ఉంది. ఆ రెసిస్టర్లు చాలా పెద్ద విలువలవి అయితే మీటరే వాటిని కిందికి లాగి తప్పుడు అంకె చూపుతుంది.

బయాస్ తప్పడానికి సాధారణ కారణం ఆ బిందువు దగ్గర ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ లీక్ అవడం. నాబ్‌లు తిప్పినప్పుడు గరగర వినిపించి, శుభ్రం చేసినా తగ్గకపోతే, కప్లింగ్ కెపాసిటర్ లీకై పాట్ మీదికి డీసీ చేరుతోందని అనుమానించవచ్చు. ఈ కెపాసిటర్లు మార్చుకోగలిగినవే. గట్టిగా మీటినప్పుడు కాకుండా, స్వరం సన్నగిల్లే చివరి భాగంలో గరుకుగా వినిపించడం, లేదా ఎంత మెల్లగా వాయించినా పగలడం మాత్రం హెడ్‌రూమ్ సమస్య కాదు, అక్కడ చిప్ గాని బయాస్ గాని నిజంగా చెడింది. బోర్డు మొత్తాన్ని ఎపాక్సీలో ముంచి ఉంటే లోపల కొలవడానికి వీలుండదు. సరఫరా సరిగా అందుతున్నా, పికప్ శుభ్రంగా ఉన్నా అది పగులుతుంటే, మార్చడమే దారి.

రెండు బ్యాటరీలతో 18 వోల్టులకు మార్చుకోమని కూడా మీకు ఎవరైనా చెప్పవచ్చు. ఇది సరైన సందర్భంలో నిజమైన పరిష్కారమే. ఒక్కో వైపు 3 వోల్టుల చోటు ఏడున్నర వోల్టులకు, అంటే సుమారు 8 డెసిబెల్‌ల మేరకు పెరుగుతుంది. కాని ప్రీయాంప్ తయారీదారు 18 వోల్టులను అనుమతించినట్టు రాతపూర్వకంగా ఉంటేనే చేయండి. చిప్ తట్టుకున్నా, బోర్డు మీది కెపాసిటర్ల మీద 16 వోల్టులని రాసి ఉంటే అవి తట్టుకోవు. రెండు బ్యాటరీలూ ఒకే రకానివి, ఒకే రోజు వేసినవి అయి ఉండాలి, లేకపోతే బలహీనమైనది ముందే అయిపోయి మొత్తం సరఫరాను కుంగదీస్తుంది. ఆ తర్వాత గిటార్ నుంచి వచ్చే సిగ్నల్ ఇంకా పెద్దదవుతుంది కనుక, యాంప్‌లో ప్యాడ్ గాని యాక్టివ్ ఇన్‌పుట్ గాని తప్పనిసరిగా వాడాలి, లేదంటే గిటార్‌లో తొలగించిన పగులు యాంప్ మొదటి దశలో మళ్లీ మొదలవుతుంది.